పురుడు పోయని ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పురుడు నెల దాటినా తీరలేదు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే నా మొహంలోకి వింతగా చూస్తారు. బిడ్డ పుట్టిన ఇంటికి అంటు ఉంటుందనీ, తొమ్మిదోనాడో పదకొండోనాడో ఇల్లంతా అలికి, పాతకుండలు పారేసి, బాలింతకు తలంటి నీళ్లు పోస్తేనే ఆ అంటు పోతుందనీ, దాన్నే పురుడు పోయడం అంటారనీ వాళ్లకు విడమరిచి చెప్పాలి. ఆ నీళ్లు పడేదాకా ఆ ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టరు. ఆ ఇంటివాళ్లు ఇంకొకరి గడప తొక్కరు, ఊరిబావి చేద ముట్టుకోరు. పొరపాటున తగిలితే తగిలినవాళ్లు తలస్నానం చేయాల్సిందే. అటువంటి పురుడును మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, కావాలనే తీరనీయకుండా పట్టుకుని కూర్చుంది. ఊరంతా ఆడిపోసుకుంది. ఆమె చెవిన పెట్టలేదు. నేను ఆమె పక్షాన ఉన్నాను, ఇప్పటికీ ఉన్నాను, ఎవరేమనుకున్నా సరే.

మాది మార్కాపురం తాలూకాలో పుల్లలచెరువు వైపు, అడవికి దగ్గరగా ఉన్న మెట్ట ఊరు. అప్పట్లో కర్నూలు జిల్లా కింద ఉండేది, పైన మదరాసు దొరల ఏలుబడి. జర్మనీ యుద్ధం ముగింపుకొచ్చిందని చెప్పుకునే రోజులవి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, సజ్జచేలు నిలువునా ఎండిపోయాయి. అదే ఏడు మా అమ్మకు రెండో కానుపై మా చెల్లెలు పుట్టింది. మా అమ్మ అసలే బక్కపలచని మనిషి, ఆ కానుపుతో ఇంకా నీరసించిపోయింది. మంచం మీంచి లేస్తే గోడ పట్టుకుని నడిచేది.

బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే మా నాయన మార్కాపురం సంతకు వెళ్లివచ్చి కొత్తజ్వరం సంగతి చెప్పాడు. రైలుస్టేషను దగ్గర మొదలై పేటలోకి పాకిందట. ముందు జలుబు, తర్వాత ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆపైన ఊపిరాడనీయని దగ్గు. గాలిజ్వరం అని కొందరు, రైలుజ్వరం అని కొందరు పిలుస్తున్నారన్నాడు. వయసులో ఉన్నవాళ్లనే ఎక్కువగా పడగొడుతోందనీ, చూలింతలూ బాలింతలూ పడితే లేవడం లేదనీ చెప్పి, గొంతు తగ్గించి మా అమ్మ పడుకున్న గదివైపు చూశాడు. మా జేజి ఆ చూపును పట్టుకుంది. ఆమె భయపడినప్పుడు మనుషుల్ని కసురుకునేది. ఆ రోజు మా నాయనను బాగా కసిరింది.

తర్వాత ఆయన్ను కూర్చోబెట్టి ఒక్కటొక్కటే అడిగింది. ఎవరు ముందు పడ్డారు, వాళ్ల పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగారు, చావింటికి ఎవరెవరు వెళ్లివచ్చారు. మా నాయన తెలిసినంతవరకూ చెప్పాడు. పలకరించడానికి వెళ్లినవాళ్లే మళ్లీ పడుతున్నారన్న సంగతి ఆ ప్రశ్నల్లోంచి తేలింది. అందులో పెద్ద రహస్యమేమీ లేదు, అడిగితే ఎవరికైనా తెలిసేదే. ఎవరూ అడగలేదు, అంతే.

మా జేజి ఆలోచన ఎటు తిరిగిందో నాకు పెద్దయ్యాక అర్థమైంది. అమ్మవారు పోసిన ఇంటికి గుమ్మంలో వేపమండ కడతారు. అది చూస్తే చుట్టమైనా వీధిలోనే నిలబడి మాట్లాడి వెళ్లిపోతాడు, ఎవరూ తప్పు పట్టరు. ఈ జ్వరానికి ఏ దేవతా లేదు, గుమ్మానికి కట్టే మండా లేదు. కాబట్టి వచ్చేవాళ్లను ఆపడానికి మర్యాదైన దారి లేదు. రావద్దంటే పొగరంటారు, పోకపోతే పగంటారు. అయితే మా ఇంట్లో పురుడుంది. దాన్ని అలాగే ఉంచితే వచ్చేవాళ్లు రారు, మనం పోకపోయినా తప్పులేదు. పిలవకుండానే వచ్చిన కావలిమనిషి లాంటిది ఆ పురుడు. దాన్ని నీళ్లు పోసి ఎందుకు పంపేయాలి?

మొదట్లో ఆమె సాకులు చెప్పింది. ఒకసారి బాలింతకు ఒళ్లు వెచ్చగా ఉందన్నది, ఇంకోసారి తలంటడానికి చాలినన్ని నీళ్లు లేవన్నది. నీళ్ల కరువున్న ఊరు కాబట్టి ఆ మాట కొన్నాళ్లు చెల్లింది. పదకొండోనాడూ వెళ్లిపోయింది, పక్షమూ వెళ్లిపోయింది. మంచిరోజు చెప్పడానికి పంతులయ్య వచ్చి వీధిలో నిలబడ్డాడు. ఇంత పొడుగు పురుడు శాస్త్రంలో ఎక్కడా లేదమ్మా అన్నాడు, మెత్తగానే.

"శాస్త్రంలో ఈ జ్వరముందా సామీ?" అన్నది మా జేజి.

ఆయన లేదని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఎవరడిగినా ఆ ఇంటికి ఇప్పట్లో మంచిరోజు కుదరలేదని ఆయనే చెబుతూ వచ్చాడు. అబద్ధమాడిన పుణ్యాత్ముణ్ని నేను చూసింది ఆయన్నే.

మా నాయనకు మాత్రం ఇల్లు దక్కలేదు. ఊళ్లోకీ సంతకూ తిరిగే మనిషి కాబట్టి ఆయన్ను పొలం గుడిసెలోకి తరిమింది. పొద్దునే మా మోటబావి నీళ్లు బానల్లో నింపి బండిమీద తెచ్చి, గుమ్మానికి అల్లంత దూరంలో దించి, బిడ్డను అక్కణ్నుంచే చూసి పోయేవాడు. సొంత ఇంట్లోకి రానీయని తల్లిని నేను ఎక్కడా చూడలేదని గొణుక్కునేవాడు. ఆమె మాత్రం, "నీ దగ్గు నీ దగ్గర పెట్టుకో నాయనా" అనేది. ఆయనకు దగ్గే లేదు.

నా బాధ నాకుండేది. నా ఈడు పిల్లలు నన్ను చూస్తే పురిటిపిల్ల వచ్చిందని పారిపోయేవాళ్లు. మొదట ఏడ్చాను. తర్వాత ఆ పారిపోవడంలో నాకూ ఒక అధికారం ఉందని కనిపెట్టి, కావాలనే వీధి మధ్య నిలబడి వాళ్లను గోడల మీదికి ఎక్కించేదాన్ని. మా జేజి అది చూసి నవ్వింది కానీ లోపలికి లాక్కొచ్చి చేతులూ కాళ్లూ కడిగించింది.

జ్వరం మా ఊరికి వచ్చింది. ముందు ఎవరి ఇంట్లో దిగిందో సరిగా జ్ఞాపకం లేదు. పక్కింటి పెద్దనాయన పడడం, కొద్దిరోజులకే పోవడం మాత్రం కళ్లకు కట్టినట్టుంది. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు బండల గోడే అడ్డం. మా వైపు ఆచారం మీకు తెలిసే ఉంటుంది. చావింటికి వెళ్లిన ఆడవాళ్లు ఆ ఇంటి ఇల్లాలి మెడ చుట్టూ చేతులు వేసి, మొహానికి మొహం ఆనించి ఏడుస్తారు. అలా ఏడవకపోతే దుఃఖం లేనట్టే. పక్కింటి పెద్దమ్మ మా జేజికి సొంత కోడలితో సమానం, కాపురానికి వచ్చినప్పటినుంచీ అత్తా అత్తా అంటూ తిరిగిన మనిషి. అటువంటి మనిషికి కష్టం వస్తే మా జేజి ఆ ఇంటి గడప దాటలేదు.

గడప దాటలేదు కానీ గోడ దగ్గరికి వెళ్లింది. చెంగు మూతికి అడ్డం చుట్టుకుని, గోడకు ఇవతల కాస్త ఎడంగా నిలబడి పెద్దమ్మను పేరుపెట్టి పిలిచింది. "గోడకీతట్టు నేనుండా. నా మీద పడబాకు, ఆడనే కూర్చోని ఏడువు. నువ్వు ఏడ్చినంతసేపూ నేనూ ఏడుస్తా" అన్నది. అన్నట్టుగానే చేసింది. వచ్చినవాళ్లంతా కాసేపు ఏడ్చి వెళ్లిపోయారు. మా జేజి మాత్రం పొద్దువాలేదాకా గోడకు ఇవతలే కూర్చుంది. ఆమె నోట్లో పచ్చిమంచినీళ్లు పడలేదు. చావింటికి వచ్చిన ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. పురుడు పేరు పెట్టుకుని ముసలామె తప్పించుకుందన్నారు, రేపు తన ఇంట్లో చావొస్తే ఎవరు పోతారో చూద్దామన్నారు. ఆ మాటలు గోడ దాటి మాకు వినిపించాలనే అన్నారు. వాళ్లలో కొందరు అదే వారంలో మంచం పట్టారు. ఈ సంగతి నేను సంతోషంగా చెప్పడం లేదు. జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఇక మా అత్త సంగతి. మా నాయనకు తోడబుట్టింది ఆమె ఒక్కతే, కనిగిరి దగ్గర ఇచ్చారు. మేనకోడలిని ఉయ్యాల్లో వేసే హక్కు ఆమెది. పురుడు ఇంకా పోయలేదనీ, తనను పిలవలేదనీ, పుట్టింట్లో ఏదో జరుగుతోందనీ ఎవరో చెబితే ఉండబట్టలేక బండి కట్టించుకుని వచ్చేసింది. బిడ్డకు వెండిమొలతాడు, వదినకు చీర, మా అందరికీ ఇంత బెల్లం తెచ్చింది. మధ్యాహ్నం వేళ బండి దిగి నేరుగా గుమ్మంలోకి వస్తూ ఉంటే మా జేజి గడపకు అడ్డంగా నిలబడింది.

మా అత్త ముందు నవ్వింది. తర్వాత తల్లి మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఏందిమా, నా పుట్టింటి గడప నాకే అడ్డమా?" అన్నది.

"ఎట్లుంది ఒళ్లు?" అన్నది మా జేజి.

బాగానే ఉందని చెప్పబోయి మా అత్త దగ్గింది. ఒకసారి మొదలైన దగ్గు ఆగలేదు. బండి చక్రం పట్టుకుని వంగి దగ్గింది. తలెత్తేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. దారిలో దుమ్మని చెప్పింది. ఎవరూ నమ్మలేదు, ఆమె కూడా నమ్మినట్టు లేదు. బండి తోలుకొచ్చిన మనిషి అప్పటికే దూరంగా జరిగి నిలబడ్డాడు.

మా జేజి అప్పుడు ఏం చేస్తుందని నేను ఎదురుచూశానో చెబుతాను. కూతురిని వెనక్కి పంపేస్తుందనుకున్నాను. అంతటి కఠినమైన మనిషేనని అప్పటికి నాకు నమ్మకం కుదిరింది. ఆమె ఒక్క క్షణం లోపలికి తిరిగి మా అమ్మనూ, అమ్మ ఒళ్లోని బిడ్డనూ చూసింది. తర్వాత గడప దాటి బయటికి వెళ్లింది. నెల పైచిలుకు ఆమె ఆ గడపను కాపలా కాసింది లోపలినుంచి. ఆ రోజు బయటికి దాటింది. వాకిట్లో ఎదురుగా ఉన్న పశువుల కొట్టం ఖాళీ చేసి, ఊడ్చి, మంచం వేసి కూతురిని అందులో పడుకోబెట్టింది. తానూ అక్కడే ఉండిపోయింది. మా నాయన బావి దగ్గరినుంచి పరిగెత్తుకొస్తే దూరంనుంచే చేయి అడ్డం పెట్టి ఆపింది.

కిటికీ ఊచల దగ్గరికి వచ్చి, అక్కడా కాస్త ఎడంగా నిలబడి, నన్ను పిలిచింది. "లోపల గడియ పెట్టుకో. అన్నం చేసి ఆకులో పెట్టి అరుగు మీద ఉంచి తలుపు మూసుకో, నేను తీసుకుంటా. ఎవరొచ్చినా తలుపు తీయబాకు. నేనొచ్చి అడిగినా తీయబాకు. జ్వరమొస్తే మనిషికి మతి ఉండదు, నేను ఏమన్నా అంటా. నువ్వు తీయబాకు." నాకు అప్పటికి తొమ్మిదేళ్లుంటాయేమో. సరేనన్నాను. ఆమె ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారి చెప్పాను.

ఆ రోజుల్లో నేను ఇల్లు నడిపాను. అమ్మ మంచంమీంచి చెబుతూ ఉంటే సజ్జసంకటి కెలికేదాన్ని, బాలింతకు వెల్లుల్లికారం నూరేదాన్ని, బిడ్డ గుడ్డలు ఉతికేదాన్ని. మోదుగాకు విస్తరిలో అన్నం పెట్టి అరుగు చివర ఉంచి, తలుపు మూసి, సందులోంచి చూసేదాన్ని. మా జేజి ముక్కూ నోరూ పాతచీర పీలికతో కట్టుకుని వచ్చి విస్తరి తీసుకునేది. తిన్న ఆకులు పొయ్యిలో వేసేది. మా అత్త కట్టుబట్టలను బూడిదనీళ్లలో ఉడకబెట్టి ఎండేసేది. వారంలో మా అత్త దగ్గు తగ్గుముఖం పట్టింది. కొట్టంలోంచి మాటలు వినిపించేవి, ఇద్దరూ ఏదో ఒకదానికి పోట్లాడుకునేవాళ్లు. ఆ పోట్లాటలు వింటే మాకు ధైర్యంగా ఉండేది.

తర్వాత ఒకరోజు విస్తరి తీసుకోవడానికి మా అత్త వచ్చింది. జేజి ఏదని అమ్మ లోపలినుంచి అడిగితే పడుకుందని చెప్పింది. ఆమె మొహం ఎటో తిప్పుకుని చెప్పింది.

మర్నాడు పట్టపగలు, ఎండ వాకిలంతా పరుచుకుని ఉండగా, తలుపు మీద దెబ్బ పడింది. మా అత్త బూడిదనీళ్ల కోసం పెరట్లో ఉన్నట్టుంది. సందులోంచి చూస్తే మా జేజి తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. మూతికి గుడ్డ లేదు. తల విరబోసుకుని ఉంది. చలిగా ఉందన్నది, తన మంచం మీద పడుకుంటానన్నది, తలుపు తీయమన్నది.

నేను తీయనన్నాను.

"నా ఇంటికి నన్నే రానీయవా?" అన్నది. ఆ గొంతు మా జేజిది కాదు, అయినా మా జేజిదే. మా నాయన పుట్టిన ఇల్లు అది, ఆమె చేతులతో అలికిన గోడలవి. గుమ్మం ఆవల ఆమె నిలబడి బతిమాలుతోంది. మా అమ్మ బిడ్డను ఎత్తుకుని గోడ పట్టుకుంటూ వచ్చింది. తీయమని ఏడ్చింది. అత్తగారిని వాకిట్లో వణకనిచ్చి తాను లోపల బతికితే ఆ బతుకెందుకన్నది. బిడ్డ కూడా ఏడవడం మొదలుపెట్టింది. అవతల మా జేజి నన్ను తిట్టింది. నా జన్మలో ఎవరూ తిట్టని తిట్లు తిట్టింది. తర్వాత తిట్టడం మానేసి, అమ్మీ, బంగారూ అని పిలిచింది. తిట్లను నేను తట్టుకోగలిగాను, ఆ పిలుపును కాదు. గడియ మీద చేయి పడకుండా వీపు తలుపుకు ఆనించి, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను.

"నువ్వే తీయొద్దన్నావు జేజీ. నేను తీయను" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

మా అత్త వచ్చి ఆమెను పట్టుకుని తీసుకువెళ్లేదాకా నేను అలాగే కూర్చున్నాను. మా అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు.

మా జేజి లేవలేదు. రెండు మూడు రోజుల్లోనే పోయింది. మా నాయనా మా అత్తా ఇద్దరే చూసుకున్నారు. నన్నూ అమ్మనూ దగ్గరికి రానీయలేదు. కిటికీలోంచే చూశాం. మోసేవాళ్లు కూడా మూతులకు గుడ్డలు కట్టుకుని వచ్చారు, మా అత్త కట్టించింది. చావింటికి ఎవరూ రారని శాపనార్థాలు పెట్టినవాళ్లు చెప్పినట్టే ఎవరూ రాలేదు. ఒక్క పక్కింటి పెద్దమ్మ మాత్రం బండల గోడకు అవతల వచ్చి కూర్చుంది. సాయంత్రందాకా అక్కడే కూర్చుని ఏడ్చింది. గోడ దాటి రాలేదు, రాకపోవడమే మా జేజికి మర్యాదని ఆమెకు తెలుసు.

జ్వరం ఊరు విడిచాక ఒక పొద్దున మా అత్త ఇల్లంతా అలికింది, కుండలు మార్చింది. అమ్మకూ బిడ్డకూ తలంటి నీళ్లు పోసింది. పురుడూ చావుమైలా ఒక్కనాటి నీళ్లతోనే పోయాయి. పంతులయ్య వచ్చి నీళ్లు చిలకరించి, దక్షిణ తీసుకోకుండా వెళ్లాడు.

అప్పుడు మొదలైంది నా మీద మాట. జేజిని గుమ్మంలో నిలబెట్టి తలుపు తీయని పిల్ల అన్నారు. పెళ్లిచూపుల్లోనూ ఆ మాట వచ్చింది, పెళ్లయ్యాక అత్తగారింట్లోనూ వచ్చింది. గుండె ఉందా అని అడిగినవాళ్లున్నారు. పశ్చాత్తాపపడాలని నాకు సుతిమెత్తగా బోధించిన పెద్దలున్నారు. నేను పడలేదు. ఇప్పుడూ పడను. ఆ తలుపు తీసి ఉంటే మా అమ్మ ఎన్నాళ్లు ఉండేదో వాళ్లు చెప్పలేరు. మా అమ్మ తన మునిమనవడిని ఎత్తుకునేదాకా బతికింది. మా చెల్లెలు గిద్దలూరులో ఉంది, ముసలిదైపోయింది, కనిపించినప్పుడల్లా నాతో పోట్లాడుతుంది. పోట్లాడనీ. ఆ నోరు ఉండడమే నాకు కావలసింది.

అయినా నేనూ మనిషినే. పెళ్లయి వెళ్లిపోయే ముందు, ఎవరూ లేనప్పుడు, మా అత్తను అడిగాను. తలుపు దగ్గరినుంచి తీసుకువెళ్లాక జేజి నన్నేమన్నదని అడిగాను. ఇంకా తిట్టిందా అన్నాను. మా అత్త నా జడ అల్లుతూనే తిట్టలేదని చెప్పింది. జ్వరంలో ఆమెకు తలుపు దాకా పోయిన సంగతి ఒకసారి గుర్తుండేదట, ఒకసారి గుర్తుండేది కాదట. ఉలిక్కిపడి లేచి, "పిల్ల తలుపు తీసిందా?" అని అడిగేదట. తీయలేదని చెబితే కళ్లు మూసుకునేదట. మళ్లీ కాసేపటికి అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు. చివరిసారి అడిగినప్పుడు తీయలేదమ్మా అని చెబితే, ఇక అడగలేదట.

ఇప్పుడు నాకే దగ్గు వస్తే, మా ఇంట్లో పసిపిల్లలున్నారు కాబట్టి, గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంటాను. కొడుకు కసురుకుంటాడు, కోడలు నొచ్చుకుంటుంది, ఈ మాత్రం జలుబుకు ఇంత ఆర్భాటమేందని వచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లమంటాను. మా చంటి మునిమనవరాలు తలుపు మీద చిన్నచేతులతో కొడుతుంది, లోపలికి వస్తానని ఏడుస్తుంది. నేను పలకను. కాసేపయ్యాక, పిల్ల అవతలే ఉందా అని లోపలినుంచి అడుగుతాను. అవతలే ఉందని కోడలు చెబుతుంది. అప్పుడు నాకు నిద్రపడుతుంది.